వాపసు వచ్చిన ఫైలు: మాజీ సైనికుల కంటి వైకల్యం, పింఛను, సాక్ష్యం

పరిచయం

చరిత్ర రచనకు ఆధారాలు అనగానే మీకు శాసనాలు, నాణేలు, యాత్రికుల రచనలు, ప్రభుత్వ దస్తావేజులు గుర్తుకు వస్తాయి. ఈ పాఠంలో మనం ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక చిన్న దస్తావేజును పరిశీలిద్దాం. సైన్యం నుంచి విడుదలైన ఒక జవాను తన కంటిచూపు సేవాకాలంలోనే దెబ్బతిన్నదని చెప్పి వైకల్య పింఛను కోసం అర్జీ పెట్టుకుంటాడు. కొన్ని నెలలకు ఆ అర్జీ, మరికొన్ని ఆధారాలు జతపరచాలన్న సూచనతో, అతని ఇంటికే తిరిగి వస్తుంది. ఆ తిరిగివచ్చిన ఫైలే మన పాఠ్యవస్తువు. దాన్ని జాగ్రత్తగా చదివితే, ప్రభుత్వం దేన్ని సాక్ష్యంగా ఒప్పుకొంటుంది, దేన్ని ఒప్పుకోదు, ఆ గీతను ఎవరు, ఎప్పుడు గీశారు అనే ప్రశ్నలకు జవాబులు దొరుకుతాయి.

ఈ విషయాన్ని కాప్రా నుంచి చూడటానికి కారణం ఉంది. 1798లో నిజాం ఈస్టిండియా కంపెనీతో సైన్య సహకార ఒప్పందం కుదుర్చుకున్నాడు. దాని ప్రకారం వచ్చిన కంపెనీ పటాలాలు హుస్సేన్‌సాగర్‌కు ఉత్తరాన దిగాయి. ఆ దండు చుట్టూ పెరిగిన ఊరికి 1806లో నిజాం సికందర్ జా పేరుమీద సికింద్రాబాదు అని పేరు వచ్చింది. దానికి ఈశాన్యంగా, చెరువు పక్కన పల్లెగా ఉన్న కాప్రా తర్వాతికాలంలో పురపాలక సంఘమై, 2007లో గ్రేటర్ హైదరాబాదులో కలిసింది. కాప్రా మండలంలోని సైనిక్‌పురిలో మొదట ఇళ్లు కట్టుకున్నవారెవరో ఆ పేరే చెబుతుంది. అక్కడికి కొద్ది కిలోమీటర్ల దూరంలో, తిరుమలగిరి వైపు, సైనికాసుపత్రి ఉంది. యంత్రాలు, వాహనాలు మరమ్మతు చేసే ఈ.ఎం.ఇ. దళం రికార్డు ఆఫీసు, సామాగ్రి సరఫరా చూసే ఆర్డినెన్సు దళం రికార్డు ఆఫీసు కూడా సికింద్రాబాదులోనే ఉన్నాయి. జవాను లద్దాఖ్‌లో పనిచేసినా, నాగాలాండ్‌లో పనిచేసినా, ఈ దళాలవాడైతే అతని సేవాపత్రాలు చేరేది ఇక్కడికే. అర్జీ పెట్టుకున్న మనిషి, ఆ అర్జీకి కావలసిన కాగితం, రెండూ ఒకే ఊళ్లో ఉండి కూడా ఒకదానికొకటి దొరకకపోవచ్చు.

కన్ను, సైన్యం: పాత సంబంధం

కంటి వైద్యం ప్రత్యేక శాస్త్రంగా ఎదగడంలో సైన్యానికి పెద్ద పాత్ర ఉంది. 1798-1801 మధ్య ఈజిప్టులో పోరాడిన ఫ్రెంచి, బ్రిటిష్ సైనికులు అక్కడ అంటుకునే ఒక కంటిజబ్బు పాలయ్యారు. వారు తిరిగివచ్చాక అది యూరప్‌లోని బ్యారక్‌లలో వ్యాపించింది, చాలామందికి చూపు పోయింది. నేటి మూర్‌ఫీల్డ్స్ కంటి ఆసుపత్రి 1805లో లండన్‌లో మొదలైంది ఆ వాతావరణంలోనే. పద్నాలుగేళ్లకు, 1819లో, ఈస్టిండియా కంపెనీ మద్రాసులో కంటి ఆసుపత్రి నెలకొల్పింది. ఎగ్మూరులో ఇప్పటికీ పనిచేస్తున్న ఆ ప్రభుత్వ ఆసుపత్రి ప్రపంచంలోని అతి పాత కంటి ఆసుపత్రులలో ఒకటి. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోనివని, కంపెనీ సిపాయిలలో తెలుగువారు ఎందరో ఉండేవారని మీకు తెలుసు. ఉత్తరాదిన సిపాయిని 'తిలంగా' అని పిలిచేవారంటే ఆ సంఖ్య ఎంతటిదో ఊహించవచ్చు.

ఇక్కడ ఒక తేడా గమనించండి. పటాలం మొత్తానికి అంటుకున్న జబ్బుకు పటాలమే సాక్ష్యం. ఒకే బ్యారక్‌లో వందమందికి కళ్లు వాచినప్పుడు అది ఇంటినుంచి తెచ్చుకున్న జబ్బు అని ఎవరూ అనరు. ఒక్కడికి, ఒక్క రోజు, ఒక్క కంటికి తగిలిన దెబ్బకు అలాంటి సాక్ష్యం ఉండదు. దానికి ఆ రోజు ఎవరో ఒకరు రాసిన కాగితమే దిక్కు. ఇరవయ్యో శతాబ్దపు వైకల్య పింఛను చరిత్ర అంతా ఈ రెండో రకం మనిషి చుట్టూ తిరుగుతుంది.

మొదటి ప్రపంచయుద్ధంలో విషవాయువులు, ఫిరంగి గుళ్ల ముక్కలు వేలమంది కళ్లు పోగొట్టాయి. 1915లో లండన్‌లో ఆర్థర్ పియర్సన్ అనే పత్రికాధిపతి, స్వయంగా చూపు కోల్పోయినవాడు, అలాంటి సైనికుల కోసం సెయింట్ డన్‌స్టన్స్ సంస్థను ప్రారంభించాడు. రెండో ప్రపంచయుద్ధకాలంలో, 1943లో, ఆ పేరుతోనే దెహ్రాదూన్‌లో భారతీయ సైనికుల కోసం ఒక శిక్షణ గృహం వెలసింది. దాన్ని నడిపినవారు క్లూథా మెకంజీ. ఆయన న్యూజిలాండ్ సైనికుడు, 1915లో గాలిపోలీ యుద్ధంలో రెండు కళ్లూ పోగొట్టుకున్నవాడు. ఆ గృహమే 1950లో వయోజన అంధుల శిక్షణ కేంద్రంగా మారి, తర్వాత జాతీయ సంస్థగా ఎదిగింది. మన దేశంలో బ్రెయిలీ పుస్తకాల ముద్రణకు కేంద్ర ముద్రణాలయం ఏర్పడిందీ దెహ్రాదూన్‌లోనే. సైనికుల కోసం పెట్టిన ఒక చిన్న ఏర్పాటు పౌరులందరికీ అందివచ్చిన ఉదాహరణల్లో ఇది ఒకటి. మన ప్రధాన విషయం కాకపోయినా చెప్పకుండా దాటడానికి మనసు రాలేదు.

నిరూపించే బాధ్యత ఎవరిది?

అదే 1943లో బ్రిటన్‌లో మరో మార్పు జరిగింది. అంతవరకు, తన జబ్బు సైనిక సేవవల్లే వచ్చిందని సైనికుడే రుజువు చేయాల్సి వచ్చేది. దీనిపై ప్రజల్లో, పార్లమెంటులో అసంతృప్తి పెరగడంతో, నిరూపణ భారం అర్జీదారుపై ఉండదని, సహేతుకమైన సందేహం ఉంటే దాని ప్రయోజనం అతనికే దక్కాలని రాజాజ్ఞ వెలువడింది. అర్జీలపై అప్పీలు వినడానికి ప్రత్యేక ట్రిబ్యునళ్లూ వచ్చాయి.

స్వతంత్ర భారతదేశంలో సైన్యానికి 1961లో పింఛను నిబంధనలు వచ్చాయి. వాటిలో 173వ నిబంధన మనకు ముఖ్యం. వైకల్యం సైనిక సేవవల్ల కలిగినదై ఉండాలి, లేదా సేవవల్ల తీవ్రమైనదై ఉండాలి. దాని పరిమాణం 20 శాతానికి తగ్గకూడదు. ఈ రెండు షరతులూ తీరితేనే పింఛను. శాతాన్ని వైద్యుడు కొలవగలడు. 'సేవవల్ల' అన్న మాటను ఎలా కొలవాలి?

1982లో వచ్చిన అర్హతా నియమాలు ఈ ప్రశ్నకు సైనికుడి వైపు మొగ్గి జవాబు చెప్పాయి. చేరేటప్పుడు పత్రాల్లో ఫలానా లోపం ఉందని రాయకపోతే, అతను ఆరోగ్యంగానే చేరాడని భావించాలి. తర్వాత ఆరోగ్యం చెడి బయటికి వస్తే అది సేవవల్లనేనని భావించాలి. అర్హతను నిరూపించమని అర్జీదారును అడగకూడదు. సందేహం ఉంటే దాని ప్రయోజనం అతనికే. యుద్ధక్షేత్రాల్లో పనిచేసినవారి విషయంలో ఇంకా ఉదారంగా ఉండాలి. జబ్బు చేరే సమయంలో కనిపెట్టలేనిదని వైద్యులు భావిస్తే, కారణాలు రాయాలి.

నియమాలు ఇంత స్పష్టంగా ఉంటే ఫైళ్లు ఎందుకు వాపసు వస్తున్నాయని మీరు అడగవచ్చు. కంటి విషయంలో జవాబు ఆ నియమాల అనుబంధంలోనే ఉంది.

రెండు కొలతలు, మధ్యలో ఖాళీ

శరీరంలోని అవయవాలన్నింటిలో సైన్యం అతి శ్రద్ధగా కొలిచేవాటిలో కన్ను ఒకటి. భర్తీ రోజున అభ్యర్థి ఇరవై అడుగుల దూరంలోని అక్షరాల పట్టిక చదవాలి. ఒక్కొక్క కన్ను విడిగా మూసి చదివిస్తారు, 6/6 వంటి అంకెల్లో నమోదు చేస్తారు. సైనికుడి వైద్య స్థాయిని సూచించే 'షేప్' అనే అయిదు అక్షరాల ఆంగ్ల సంకేతంలో చివరి అక్షరం చూపుదే. విడుదలయ్యే ముందు వైద్య మండలి మళ్లీ కొలుస్తుంది. కాబట్టి కంటికి సంబంధించి రెండు తేదీల దగ్గర మనకు కచ్చితమైన అంకెలు దొరుకుతాయి. మధ్యలో ఉన్న పదిహేను, ఇరవై ఏళ్లలో ఏం జరిగిందో చెప్పే కాగితమే దొరకదు.

ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. ఒక జవాను ఈ.ఎం.ఇ. వర్క్‌షాపులో లారీ కింద పనిచేస్తుండగా జాకీ రాడ్డు ఎగిరి కుడికంటికి తగిలింది. కన్ను ఎర్రబడింది. ఎం.ఐ. రూముకు వెళ్తే చుక్కలమందు వేసి, రెండు రోజులు విశ్రాంతి రాశారు. మూడోరోజు డ్యూటీలో చేరాడు. గాయం జరిగినప్పుడు యూనిట్ పంపవలసిన ఐ.ఏ.ఎఫ్.వై.-2006 అనే ఫారం ఎవరూ నింపలేదు. చూపు బాగానే ఉంది కదా, రెండు రోజుల ఎర్రదనానికి అంత పత్రమెందుకు అని అతనూ అడగలేదు. పన్నెండేళ్ల తర్వాత ఆ కంటికి పక్కచూపు తగ్గింది. విడుదల సమయంలో వైద్య మండలి 'గ్లకోమా, కుడికన్ను' అని రాసింది.

వైద్యపరంగా ఇందులో అసాధ్యమేమీ లేదు. కంటిలోని ద్రవం బయటికి పోయే మూల దెబ్బకు చినిగితే, గాయం మానినట్టే కనిపించి, ఏళ్ల తరబడి, ఒక్కోసారి దశాబ్దాల తర్వాత ఆ కంటిలో ఒత్తిడి పెరగవచ్చు. మన పల్లెల్లో నీటికాసులు అని పిలిచే జబ్బు ఈ దారినా వస్తుంది. నొప్పి ఉండదు కనుక రోగికి తెలిసేసరికి ఆలస్యమవుతుంది.

ఇప్పుడు 1982 నియమాల అనుబంధం చూడండి. సేవవల్ల సాధారణంగా ప్రభావితం కాని జబ్బుల జాబితా ఒకటి అందులో ఉంది. కంటి విషయానికి వస్తే హ్రస్వదృష్టి, దీర్ఘదృష్టి వంటి దృష్టిదోషాలు, చత్వారం, గ్లకోమా ఆ జాబితాలో చేరాయి. గ్లకోమాకు మాత్రం ఒక మినహాయింపు ఉంది: సేవవల్ల కంటికి గాయమైన చరిత్ర గానీ, సేవవల్ల వచ్చిన కంటిజబ్బు చరిత్ర గానీ ఉంటే తప్ప. ఆ 'తప్ప' దగ్గరే మన జవాను ఫైలు ఆగిపోయింది. నిరూపణ భారం అతనిది కాదని ముందు పేజీల్లో చెప్పిన నియమాలు, అనుబంధానికి వచ్చేసరికి 'గాయం చరిత్ర' అడిగాయి. చరిత్ర అంటే ఇక్కడ గాయం కాదు, గాయం గురించిన రాత. ఆ తేడా చరిత్ర విద్యార్థులుగా మీకు వెంటనే తట్టాలి.

కార్యాలయాల వైపు వాదాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం న్యాయం కాదు. నలభై దాటాక చదవడానికి కళ్లద్దాలు కావాల్సిరావడం కాప్రాలో కిరాణా కొట్టు నడిపేవారికీ, సుబేదారుకూ సమానమే. హ్రస్వదృష్టిలో వంశపారంపర్యం పాత్ర పెద్దది. అందుకే అమెరికా మాజీ సైనికుల నిబంధనల్లోనూ దృష్టిదోషాన్ని, అది ఒక్కటే అయితే, జబ్బుగా గాని గాయంగా గాని లెక్కించరు. వేర్వేరు చరిత్రలున్న రెండు సైన్యాలు ఒకేచోట గీత గీశాయంటే అందులో కొంత వైద్యవివేకం ఉన్నట్టే. చిక్కు దృష్టిదోషాలతో కాదు, వాటి పక్కనే ఒకే శీర్షిక కింద చేరిపోయిన గ్లకోమా వంటి వాటితో. సియాచిన్‌లో 1984 నుంచి మన సైనికులు కాపలా కాస్తున్నారు. మంచుమీది ఎండ కంటిపొరను కాలుస్తుంది, అంత ఎత్తులో రెటీనాలో రక్తస్రావం జరగవచ్చు. ఇవి కొద్దిరోజుల్లో తగ్గిపోయినట్టు కనిపిస్తే, వాటి జాడ కాగితంమీద ఎంత సన్నగా ఉంటుందో ఊహించండి.

పోలికకు ఒక మాట. కాప్రాకు ఆనుకొని ఉన్న చర్లపల్లి పారిశ్రామికవాడలో ఒక కార్మికుడికి పనిలో కంటిచూపు పోతే, రెండో కన్ను బాగున్నపక్షంలో, 1923 నాటి కార్మిక పరిహార చట్టం పట్టిక సంపాదనశక్తిలో 30 శాతం నష్టం అని నిర్ణయించి ఉంచేది. అక్కడా ప్రమాదం రుజువు కావాలి. అయితే ఆ ప్రశ్న ఎక్కువగా ప్రమాదం జరిగిన కొత్తలోనే తలెత్తుతుంది. జవాను విషయంలో అది ఎన్నో ఏళ్ల తర్వాత, యూనిట్లు మారి, అధికారులు బదిలీ అయి, తోటివారు తలోదిక్కు వెళ్లాక వస్తుంది.

ఫైలు ప్రయాణం, కోర్టుల జోక్యం

వైద్య మండలి పత్రం రికార్డు ఆఫీసుకు, అక్కడినుంచి అలహాబాదులోని రక్షణ పద్దుల పింఛను కార్యాలయానికి వెళ్లేది. అక్కడ తిరస్కరిస్తే ఆరు నెలల్లో మొదటి అప్పీలు, ఆపైన రెండో అప్పీలు. ఈ దారిలో ఒక విచిత్రం జరిగేది. సైనికుణ్ణి కూర్చోబెట్టి, కంట్లోకి వెలుతురు వేసి చూసిన వైద్యులు ఒక శాతం రాసేవారు. అతన్ని ఎన్నడూ చూడని పింఛను కార్యాలయ వైద్య సలహాదారు కాగితాలు మాత్రమే చదివి దాన్ని తగ్గించేవారు, లేదా సేవకు సంబంధం లేదని తేల్చేవారు. 1993లో సాపర్ మొహిందర్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తప్పుపట్టింది. మళ్లీ వైద్య పరీక్ష జరపకుండా, పరీక్షించిన మండలి అభిప్రాయాన్ని పైకార్యాలయం మార్చడానికి వీల్లేదని చెప్పింది.

అప్పట్లో ఇలాంటి వివాదాలకు హైకోర్టులే దిక్కు. 2007 చట్టం ప్రకారం సాయుధ దళాల ట్రిబ్యునల్ ఏర్పడి 2009లో పని మొదలుపెట్టింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దాని చెన్నై ధర్మాసనం పరిధిలోకి వచ్చింది. కాగితాలు సరిపోవనిపించినప్పుడు ట్రిబ్యునల్ అర్జీని కొట్టివేయకుండా, పునఃపరిశీలన వైద్య మండలి ముందుకు పంపమని ఆదేశించగలదు. 'వాపసు' అన్న మాటకు ఇక్కడ రెండో అర్థం వస్తుంది. కార్యాలయం వాపసు చేస్తే ఆధారం తేవాల్సింది సైనికుడు. ట్రిబ్యునల్ వాపసు చేస్తే ఆధారం తేల్చాల్సింది వైద్య మండలి. అమెరికాలో మాజీ సైనికుల అప్పీళ్ల మండలి ఫైళ్లను కింది కార్యాలయానికి తిప్పిపంపేది ఎక్కువగా ఈ రెండో అర్థంలోనే. అక్కడ 2000 నాటి చట్టం ఆధారాలు సేకరించడంలో అర్జీదారుకు సాయపడటం ప్రభుత్వ బాధ్యత అని స్పష్టం చేసింది.

2013లో వచ్చిన ధరమ్‌వీర్ సింగ్ తీర్పు కంటికి సంబంధించినది కాదు. అయినా కంటి ఫైళ్లన్నింటికీ అది వర్తిస్తుంది. సిగ్నల్స్ దళంలో 1985లో చేరిన ఆయనను మూర్ఛలు వస్తున్నాయని 1994లో 20 శాతం వైకల్యంతో పంపేశారు. జబ్బు సేవకు సంబంధించినది కాదని పింఛను నిరాకరించారు. చేరినప్పటి పత్రాల్లో ఆ జబ్బు ప్రస్తావన లేదని, కనిపెట్టలేకపోవడానికి వైద్య మండలి కారణాలేవీ రాయలేదని సుప్రీంకోర్టు గమనించి, 1982 నియమాల ప్రకారం సంశయలాభం సైనికుడిదేనని తీర్పు చెప్పింది. మధ్యలోని ఖాళీని ఎవరికి అనుకూలంగా చదవాలో ఈ తీర్పు నిర్దేశించింది. మరుసటి ఏడాది రామ్ అవతార్ కేసులో, శాతాన్ని 50, 75, 100గా పైకి సవరించే సౌకర్యం పూర్తికాలం పనిచేసి రిటైరైనవారికీ వర్తిస్తుందని అదే కోర్టు చెప్పింది. అంటే 30 శాతం వైకల్యం ఉన్నవారికి 50 శాతం లెక్కన పింఛను వస్తుంది. ఒక ఫారం ఉందా లేదా అన్నదాని విలువ కుటుంబానికి నెలనెలా ఎంతో దీన్నిబట్టి అంచనా వేసుకోవచ్చు.

కాగితమే లేనప్పుడు

తీర్పులు ఇలా సాగుతుండగా నియమాలు మరోవైపు కదిలాయి. 2008 నాటి కొత్త అర్హతా నియమాల ప్రకారం, జబ్బు సేవాకాలంలో బయటపడినంత మాత్రాన అది సేవవల్ల వచ్చిందని తేలదు. సాధారణంగా అర్జీదారు నిరూపించనక్కరలేదన్న మాట ఉంది గానీ, విడుదలైన 15 ఏళ్ల తర్వాత, గడువు తీరి సేవాపత్రాలు ధ్వంసమయ్యాక వచ్చే అర్జీల్లో నిరూపణ భారం అర్జీదారుదే. పింఛను రాని జవాన్ల సేవాపత్రాలను 25 ఏళ్లు ఉంచి తర్వాత ధ్వంసం చేయడం సైన్యంలో నిబంధన. మిగిలేది లాంగ్ రోల్ అనే చిట్టాలో కొన్ని వివరాలు. కంటి పరీక్ష అంకెలు అందులో వెతికితే దొరకవు.

ఇదే సమస్య అమెరికాలో ఎలా పరిష్కారమైందో పోల్చండి. 1973 జులై 12న సెయింట్ లూయిస్ నగర శివారులోని జాతీయ సిబ్బంది రికార్డుల భవనంలో మంటలు చెలరేగి కోటీ అరవై లక్షలకు పైగా సైనిక ఫైళ్లు కాలిపోయాయి. తర్వాత అక్కడి కోర్టులు, ప్రభుత్వం చేతిలో ఉండగా పత్రాలు పోయినప్పుడు, సందేహ ప్రయోజనాన్ని పరిశీలించి తన నిర్ణయానికి కారణాలు వివరించే బాధ్యత ప్రభుత్వంపై మరింత పెరుగుతుందని నిర్ణయించాయి. 1991 నాటి ఓహేర్ కేసు ఇందులో తరచు చెప్పుకునేది. ఒకచోట పత్రం అగ్నిలో పోతే భారం ప్రభుత్వంవైపు జరిగింది. మరోచోట పత్రాన్ని ప్రభుత్వమే నిబంధన ప్రకారం ధ్వంసం చేస్తే భారం సైనికుడివైపు జరిగింది. ఆలస్యంగా వచ్చిన అర్జీదారు కొంత బాధ్యత వహించాలన్న వాదనలో అర్థం ఉంది. కానీ ఇరవై ఏళ్లకు బయటపడే గ్లకోమా విషయంలో ఆలస్యం మనిషిది కాదు, జబ్బుది. ఈ తేడాను ఆ నియమం లెక్కలోకి తీసుకోలేదని ఈ పాఠ రచయిత అభిప్రాయం. మీరు విభేదిస్తే, కారణాలతో రాయండి.

2023 సెప్టెంబరు 21 నుంచి మరో కొత్త నియమావళి, వైద్యాధికారులకు కొత్త మార్గదర్శి అమల్లోకి వచ్చాయి. ఆ తేదీ తర్వాత సేవనుంచి విడుదలయ్యేవారికి అవి వర్తిస్తాయి. అందువల్ల ఒకే వీధిలో ఉండే ముగ్గురు మాజీ సైనికులకు, ఒకే కంటిజబ్బు ఉన్నా, విడుదలైన సంవత్సరాన్నిబట్టి మూడు వేర్వేరు నియమావళులు వర్తించవచ్చు. ఏ ఫైలు చదివినా ముందుగా విడుదల తేదీ చూడండి.

అభ్యాసం

మీ ఊళ్లో, లేదా బంధువులలో, సైన్యంలో పనిచేసి వచ్చిన పెద్దవారు ఉంటే, వారి అనుమతితో వారి డిశ్చార్జి బుక్ చూడండి. పేర్లు, సంఖ్యలు మీ జవాబులో రాయకండి. చేరిన రోజు, విడుదలైన రోజు కంటిచూపు అంకెలు అందులో ఉన్నాయా? మధ్యకాలంలో ఏదైనా గాయం నమోదైందా? తర్వాత వారినే అడగండి: పుస్తకంలో లేని దెబ్బలేమైనా తగిలాయా, అప్పుడు పక్కన ఎవరున్నారు, ఏ ఆసుపత్రికి తీసుకెళ్లారు, ఆ రోజుల్లో ఇంటికి రాసిన ఉత్తరంలో దాని ప్రస్తావన ఉందా? దొరికిన ప్రతి ఆధారం పక్కనా అది ఎప్పుడు పుట్టింది, ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని మూడు గడులలో నింపి, రికార్డు ఆఫీసు దాన్ని స్వీకరిస్తుందా లేదా అన్నది నాలుగో గడిలో రాయండి.